ఓర్పు ఎవరి ధర్మం?

నర్సు చదువు గురించి మనకు రెండు మాటలు తరచు వినబడుతుంటాయి. అది చాలా కష్టమైన చదువు అనేది ఒకటి. ఓర్చుకోగలిగినవాళ్ళే అందులోకి రావాలి అనేది రెండోది. మొదటిది వాస్తవం, రెండోది నీతి. వాస్తవం పక్కన నీతిని నిలబెట్టి రెండూ ఒకటే అన్నట్టు చెప్పటం పెత్తందారీ ఆలోచనకు పాత అలవాటు. నాగలి పట్టటం కష్టం అన్నది వాస్తవం. పాలేరు నోరెత్తరాదు అన్నది నీతి. మొదటిది నిజం గనక రెండోది కూడా నిజం అయితీరుతుందా? కష్టమైన చదువు చదివే మనిషికి ఓర్పే పరమధర్మం అవుతుందా? విచారించవలసిన ప్రశ్న ఇది.

ముందుగా ఆ కష్టం ఏమిటో చూద్దాం. మన దేశంలో బి.ఎస్‌సి. నర్సింగ్ నాలుగేళ్ళ చదువు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివివచ్చిన పిల్ల శరీరనిర్మాణ శాస్త్రం, సూక్ష్మజీవి శాస్త్రం, ఔషధ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం చదవాలి. అదే కాలంలో వార్డుల్లో పని నేర్చుకోవాలి. ఒక చిన్న లెక్క చూడండి. ఎనిమిది కిలోల బిడ్డకు జ్వరం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ ఇవ్వాలి. మందు 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నది. ఎంత పొయ్యాలి? 5 మిల్లీలీటర్లు. బడిపిల్ల చెయ్యగల లెక్కే. కాని దాన్ని రాత్రి రెండు గంటలకు, పక్క మంచం మీద ఇంకొకరు ఆయాసపడుతుండగా, దశాంశ బిందువు ఒక్క స్థానం కూడా జరగకుండా చెయ్యాలి. పొటాషియం క్లోరైడును సెలైన్లో కలిపి నెమ్మదిగా ఎక్కించటానికి బదులు నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఈ తేడా తెలియని మనిషికి పట్టా ఇవ్వటం దయ కాదు.

అంచేత ఈ కష్టాన్ని తగ్గించమని అడగటం అభ్యుదయం కానేరదు. పరీక్షలన్నీ పీడనే అనుకునే ధోరణి మన విద్యార్థుల్లో అక్కడక్కడా ఉన్నది. ఔషధ శాస్త్రంలో అరకొర తెలివితో బయటపడ్డ నర్సు ఎవరి మంచం దగ్గర నిలబడుతుంది? డబ్బున్నవాడు ఇద్దరు డాక్టర్లను అడిగి చూసుకుంటాడు. పెద్దాసుపత్రిలో నేలమీద చాప పరుచుకుని పడుకున్న కూలివాడికి ఆమె తప్ప దిక్కులేదు. తొమ్మిది ఐరోపా దేశాల ఆసుపత్రులను పరిశీలించి 2014లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, నర్సుల్లో డిగ్రీ చదివినవారి పాలు పదిశాతం ఎక్కువగా ఉన్నచోట శస్త్రచికిత్స అయిన రోగులు మరణించే అవకాశం ఏడుశాతం తక్కువగా కనిపించింది. అంటే ఈ చదువు అలంకారం కాదు, ప్రాణం.

అయితే నర్సు విద్యార్థిని పడే కష్టమంతా ఇదేనా? కాదు. ఈ కష్టం నీడలో మరొక కష్టం దాగి ఉన్నది. దాని పుట్టుక తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరున లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం 1860లో మొదలయింది. చేతిలో దీపం పట్టుకున్న దయామయిగా ఆమె బొమ్మను మనకు చూపిస్తారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్న రోగాలవల్లనే ఎక్కువగా చచ్చిపోయారని అంకెలు వేసి ప్రభుత్వం ముందు పెట్టిన గణాంకవేత్త కూడా ఆమేనని అంతగా చెప్పరు. దీపం పట్టిన చెయ్యి అందరికీ ఇష్టమే, లెక్క అడిగిన నోరే కష్టం. ఆమె తరవాత అమెరికాలో ఆసుపత్రులు సొంతంగా నర్సు స్కూళ్ళు పెట్టుకున్నాయి. వార్డుల పనిలో పెద్దభాగం విద్యార్థినుల చేతనే చేయించుకున్నాయి. శిక్షణ అని పేరు, చవక కూలి అసలు సంగతి. ఆసుపత్రి అవసరాలకు విద్యను బలిపెడుతున్నారని 1923లో గోల్డ్‌మార్క్ నివేదిక తేల్చింది. మన దేశంలో 43,000 మంది జనానికి ఒక్క నర్సు ఉన్నదని 1946లో భోర్ కమిటీ లెక్కకట్టింది. ఆ ఏడే ఢిల్లీలోనూ వెల్లూరులోనూ డిగ్రీ చదువు మొదలయింది. నర్సు పనికి విశ్వవిద్యాలయపు చదువు కావాలని కాగితం మీద ఒప్పుకున్నాం. కాని పాత అలవాటు కాగితంతో పోదు. ఖాళీ పోస్టులు నింపకుండా విద్యార్థినులతో వార్డు నడిపించటం, అడిగితే "నేర్చుకోవటానికేగా వచ్చావు" అనటం ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నదే. ఉష్ణోగ్రత చూడటం మొదటి పదిసార్లు విద్య. నూరోసారి, నేర్పేవాళ్ళు దగ్గర లేకుండా, జీతం లేకుండా చేస్తే అది వెట్టి.

దీనికి తోడు భాష. పల్లెటూళ్ళో తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లకు మొదటి ఏడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. శాస్త్రపదాలు నేర్చుకోక తప్పదు, కాని వాటిని తెలుగులో వివరించి చెప్పటానికి అడ్డేమిటి? రోగి ఇంగ్లీషులో మూలగడు. "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయమ్మా" అంటాడు, "గుండె దడదడలాడుతోంది" అంటాడు. ఆ మాట వెనక ఏమున్నదో పట్టుకోవటం కూడా విద్యే. అందులో ఆ పిల్ల తన గురువుకన్న ముందున్నా ఉండవచ్చు. ఆమె తెచ్చుకున్న జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోకుండా, లేని జ్ఞానాన్ని ఎత్తిచూపి క్లాసులో నవ్వటం బోధన కాదు.

ఇక భయం సంగతి. డాక్టరు వస్తే లేచి నిలబడాలి, ప్రశ్న వెయ్యరాదు, తిట్టు తిన్నా తల వంచుకోవాలి. ఇదంతా క్రమశిక్షణ అంటారు. ఈ క్రమశిక్షణ ఎటువంటి నర్సును తయారుచేస్తుంది? దీనికి అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం సమాధానం చెబుతుంది. 1966లో హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటివారు దాని ఫలితాలు ప్రకటించారు. నర్సు ఎరగని ఒక "డాక్టరు" టెలిఫోన్ చేసి, ఫలానా మందు 20 మిల్లీగ్రాములు రోగికి ఇవ్వమంటాడు. మందు డబ్బామీద, రోజుకు 10 మిల్లీగ్రాములకు మించరాదని రాసి ఉన్నది. టెలిఫోన్ మీద ఉత్తర్వు తీసుకోరాదన్నది ఆసుపత్రి నియమం. అయినా 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వటానికి బయలుదేరారు. చివరి క్షణంలో ఆపారు. ఆ మందు హానిలేనిదే. ఇంతకన్న విచిత్రం మరొకటి ఉన్నది. ఇలా జరిగితే మీరేం చేస్తారని వేరే 21 మంది నర్సు విద్యార్థినులను అడిగితే, ఒక్కరు కూడా ఇవ్వమన్నారు.

అంటే ఆ 21 మంది నర్సులు నీతిలేనివాళ్ళని కాదు. ధైర్యం మనిషి గుండెలో విడిగా పెరిగే మొక్క కాదు. అధికారం ముందు ఒంటరిగా నిలబెడితే మంచి మనిషి కూడా తల ఊపుతుంది. 1977లో మరొక ప్రయోగం జరిగింది. ఈసారి మందు నర్సులకు బాగా తెలిసినదే, తోటివారితో మాట్లాడుకునే అవకాశమూ ఉన్నది. 18 మందిలో ఇద్దరే మితిమీరిన మోతాదు ఇవ్వటానికి సిద్ధపడ్డారు. ఈ రెండు ప్రయోగాలకూ మధ్య మారినవి ముఖ్యంగా రెండు: తెలివిడి, తోడు. తెలిసిన మనిషి, పక్కన మరో మనిషి ఉన్న మనిషి, కాదని చెప్పగలుగుతుంది.

కష్టాన్ని కొలవటానికి మనకు గీటురాయి ఇక్కడే దొరుకుతున్నది. రోగికి హాని జరగబోతున్నప్పుడు "ఆగండి, ఇది తప్పు" అనగల శక్తిని పెంచే కష్టం ఎంతయినా పెట్టవచ్చు. ఆ శక్తిని చంపే కష్టం రవంతైనా నేరమే. ఔషధ శాస్త్రం మొదటి జాతి, అవమానం రెండో జాతి. భయంలో పెరిగిన పిల్ల తప్పు చెయ్యటం మానదు, దాచటం నేర్చుకుంటుంది. మోతాదు తప్పిందని వెంటనే చెబితే రోగి బతకవచ్చు. చెబితే తన బతుకు పోతుందని నేర్పిన చోట, పోయేది రోగి ప్రాణం.

"మేమూ పడ్డాం, మీరూ పడండి" అని కొందరు గురువులు అంటారు. అత్త చేతిలో పడ్డ బాధలను కోడలికి అప్పజెప్పే న్యాయం ఇది. తాము పడినదాంట్లో తమను తీర్చిదిద్దినదేది, తమను వంచినదేది అని వాళ్ళు విడదీసి చూసుకోవటం లేదు. వాళ్ళు కూడా ఆ వ్యవస్థ చేతిలో నలిగినవాళ్ళే గనక వాళ్ళను శత్రువులుగా చూడనక్కరలేదు. కాని ఆ వాదాన్ని మాత్రం ఒప్పుకోనక్కరలేదు.

ఈ ఓర్పు నీతికి పెట్టిన ముద్దుపేరు సేవ. డాక్టరు చేసేది వృత్తి, నర్సు చేసేది సేవ! సేవకు బేరం ఏమిటని జీతం అడిగినప్పుడు నిలదీస్తారు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల విషయం పరిశీలించమని 2016లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. ఆ మీదట కేంద్రం వేసిన కమిటీ, ఏభై మంచాలకన్న తక్కువ ఉన్న ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదన్నది. 2011-12లో కేరళ నర్సులు వరసగా సమ్మెలు చేశారు. మళ్ళీ 2017లో రోడ్డెక్కారు. 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం 20,000 రూపాయల కనీసవేతనం ప్రకటించింది. సేవాభావం లేక వాళ్ళు సమ్మె చేశారా? ఒక నర్సు చేతికింద రోగుల సంఖ్య పెరిగేకొద్దీ మరణాలు పెరుగుతాయని 2002లో అమెరికాలో జరిగిన పరిశోధన చూపించింది. తగినంతమంది నర్సులు కావాలని అడగటం కూడా రోగి పక్షాన మాట్లాడటమే.

అందుచేత ఈ చదువులో చేరిన పిల్లకు మనం చెప్పవలసినది "ఓర్చుకో" అని కాదు. చదువు దగ్గర తనను తాను క్షమించుకోవద్దని చెప్పాలి. వెట్టి దగ్గర, అవమానం దగ్గర ఒంటరిగా ఉండవద్దని చెప్పాలి. నలుగురూ కలిసి లెక్కలు చెయ్యండి, ఇంగ్లీషు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చెప్పండి, తప్పు జరిగితే దాచకండి, చెప్పినవాళ్ళను వెలివెయ్యనివ్వకండి. కాలేజీలో "ఇది నాకు అర్థం కాలేదు" అనటానికి భయపడ్డ పిల్ల, వార్డులో "ఇది తప్పు" అని ఎప్పుడు అనగలుగుతుంది? ఉపాధ్యాయులు మొదట జవాబు చెప్పవలసిన ప్రశ్న అది.