ఉస్తానీ

వస్తాదు మా ఇళ్ళ నుంచి తెలుగులోకి వెళ్ళిన మాట. ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు, పని నేర్పేవాడు. గోదావరి ఒడ్డుకొచ్చేసరికి నేర్పడం వెనకబడి కండలు ముందుకొచ్చాయి. తాలింఖానా కూడా అలాంటిదే. తాలీమంటే బోధన. దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూసినవాళ్ళకి తెలుసు: కత్తిసాము, కర్రసాము, కళ్ళకి గంతలు కట్టుకుని మనిషి ఒంటిమీది కొబ్బరికాయ నరకడం. అరబ్బీ, పారశీ మాటలు కలిసిన పేరుతో దసరా ఊరేగింపు నడుస్తోంది. దానిమీద మాకు పేచీ లేదు, పైగా ముచ్చట. మా పేచీ ఇంకోచోట ఉంది. ఉస్తాద్‌కి ఉర్దూలో ఆడరూపం ఉంది, ఉస్తానీ. మొహల్లా పిల్లలకి అలిఫ్, బే దిద్దించే ఆవిడ. ఉస్తాద్ వస్తాదై వీధుల్లో ఊరేగాడు. ఉస్తానీ గడప దాటలేదు.

ఆడవాళ్ళకి బలం లేకనా? దూదేకిన ఇళ్ళలో ఆడవాళ్ళ చేతులెప్పుడు ఖాళీగా ఉన్నాయి? కోనసీమలో కొబ్బరిపీచు తాడు పేనేదెవరు? గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్ళిన ఆడవాళ్ళు పరాయి ఇళ్ళలో తివాచీలు దులిపి, మంచాన పడ్డ ముసలివాళ్ళని ఎత్తి కూర్చోబెట్టి పంపిన డబ్బుతో ఇక్కడ స్లాబులు పడ్డాయి. ఆ బలం చూసి ఏ పెద్దమనిషీ తల దించుకోలేదు. ఎవరికీ పరదా గుర్తు రాలేదు. చాకిరీకి పనికొచ్చే కండ హలాల్. అదే కండని ఆమె తనకోసం, ఒక విద్యకోసం పెంచుకుంటానంటేనే ఇంట్లో పంచాయితీ మొదలు.

నిజామాబాద్ నిఖత్ జరీన్ సంగతే చూడండి. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్. మళ్ళీ అదే దేశంలో, ఇస్తాంబుల్‌లో, పెద్దవాళ్ళ పోటీలో స్వర్ణం గెలిచేసరికి 2022. మధ్యలో పదకొండేళ్ళు. భుజం గాయం, ఎదురుచూపులు, నిక్కరేసుకుంటుందని అయినవాళ్ళ సణుగుడు, ఈ పిల్లకి పెళ్ళెలా అవుతుందన్న తల్లి బెంగ. గెలిచింది. ఇక చూడండి, మా కౌమ్ బిడ్డ అని మావాళ్ళు, పరదా తెంచుకున్న ధీర అని అవతలివాళ్ళు. ఒకరికి ఆమె గౌరవం, ఇంకొకరికి మమ్మల్ని కొట్టడానికి దొరికిన కర్ర. తాను ఆడేది దేశం కోసమనీ, ఏదో ఒక మతం తరఫున కాదనీ ఆమె చెప్పిన మాట ఇద్దరి చెవికీ ఎక్కలేదు. 2023లో ఢిల్లీలో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయింది, మళ్ళీ అదే సందడి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడినరోజు మాత్రం ఆమె ఎవరి బిడ్డో చెప్పడానికి ఎవరూ పోటీపడలేదు.

ఇప్పుడు ఆత్మరక్షణ పేరుతో బడుల్లో ఆడపిల్లలకి కరాటే నేర్పుతున్నారు. కొన్నాళ్ళ శిక్షణ, ఫోటో, సర్టిఫికెట్. వద్దనం. కానీ ఆ పేరులోనే ఒక షరతు ఉంది. భయం ఉన్నంతమేరకే బలం. ఎవడో వెంటపడతాడు కాబట్టి నీకు పిడికిలి ఇస్తున్నాం, పెళ్ళయ్యాక మొగుడున్నాడు, తిరిగిచ్చెయ్. మగపిల్లాడు కర్రసాము నేర్చుకుంటుంటే ఎవరి నుంచి కాపాడుకోవడానికిరా అని ఎవరూ అడగరు. ఇష్టం, అంతే. ఆడదానికి ఆ ఇష్టం ఉండకూడదా? బతుకంతా ఉండకూడదా?

కేరళలో వడకర మీనాక్షి అమ్మకి ఉంది. ఏడేళ్ళకి కలరిపయట్టు మొదలుపెట్టింది. ఈడొచ్చాక ఆడపిల్లలు మానేసే ఆనవాయితీని ఆమె పాటించలేదు. నేర్పిన గురువునే పెళ్ళాడింది. ఆయన పోయాక కలరి బాధ్యత తనే తీసుకుంది. 2017లో పద్మశ్రీ ఇచ్చేనాటికి డెబ్బై దాటిన మనిషి, చీరకుచ్చెళ్ళు ఎగదోపి కత్తీడాలుతో కుర్రాళ్ళకి పాఠం చెబుతోంది. ఫీజు అడగదు. జపాన్‌లో పుట్టిన కైకో ఫుకుదా కథ కొంచెం చేదు. 1935లో జూడో మొదలుపెట్టిన ఆమెని ఆడదన్న కారణానికి అయిదో డాన్ దగ్గరే ఏళ్ళ తరబడి ఆపేశారు. పెళ్ళి వద్దనుకుంది. అమెరికా వెళ్ళి నేర్పుతూనే ఉంది. 2011లో అమెరికా జూడో సంస్థ పదో డాన్ ఇచ్చేసరికి ఆమెకి 98 ఏళ్ళు.

మా మతపెద్దలకి ఉహుద్ యుద్ధం గుర్తుచేయనక్కర్లేదు. ప్రవక్త ముందు నిలబడి కత్తి పట్టి, ఒంటినిండా గాయాలు తిన్న నుసైబా పేరు వాళ్ళకి నోటికొచ్చు. ప్రసంగాల్లో ఆమె త్యాగం వస్తుంది, కన్నీళ్ళొస్తాయి. కత్తి తిప్పడం త్యాగంతో రాదు. చెయ్యి తిరగాలి, రోజూ తిరగాలి, ఎవరో ఒకరు నేర్పాలి. ఆ మాట మాత్రం ఏ ప్రసంగంలోనూ రాదు.

అమలాపురం తాలింఖానాలో చిన్నపిల్లలకి కర్ర పట్టడం నేర్పే చోట ఒక ఆడమనిషి నిలబడిందనుకోండి. నడివయసు మనిషి, తలమీద కొంగో, దుపట్టానో. పిల్లలు ఆమెని ఏమని పిలుస్తారు? వస్తాదమ్మ అంటే నవ్వొస్తుంది. టీచరు అంటే బడి గుర్తొస్తుంది. మాట మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది. అరువిస్తాం, తీసుకోండి. ముందుగా మా ఇళ్ళవాళ్ళే దాన్ని బయటికి రానివ్వాలి.