ఒకే వారంలో ఆరువందల కర్మలా?

2020 డిసెంబర్ 5 నుంచి వారం రోజుల్లో, ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛ వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. నోట నురగ, తేలిపోయిన కళ్లు, కాసేపటికి తేరుకోవడం. మెనింజైటిస్ అనుమానంతో వెన్ను నీరు తీసి చూస్తే తేడా లేదు. జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మగత: బాక్టీరియా వల్ల మెనింజైటిస్ సోకిన పెద్దవాళ్లలో నూటికి 95 మందికి వీటిలో రెండైనా ఉంటాయి. ఇక్కడ చాలామందికి జ్వరమే లేదు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది.

కారణం తేలనప్పుడు ‘ఎవరి కర్మ వాళ్లది’ అనేయడం మనకు అలవాటు. కానీ కర్మ ఎవరిది వాళ్లదే అయితే, అన్ని కర్మలూ ఒకే ఊళ్లో ఒకే వారంలో ఎలా పండాయి? ఇలాంటి ప్రశ్నే చరక సంహిత విమానస్థానంలో అగ్నివేశుడు వేశాడు. గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడి గనుక, అవి చెడితే అందరూ చెడతారన్నాడు ఆయన గురువు ఆత్రేయుడు. వాటికీ మూలం అధర్మమో, మునుపు చేసిన చెడ్డ పనులో అన్నాడు కదా అంటారా? అన్నాడు, నిజమే. అయితే ఆ అధర్మం ఎలా పుడుతుందో వివరించడం ఆయన మొదలుపెట్టింది ఏలికల దగ్గర. కనుక లెక్క చెప్పాల్సింది మంచం మీదున్నవాడు కాదు, నీటికీ పంటకీ పూచీపడ్డవాళ్లు.