స్పిరులినా శాకమేనా?

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితాంతం శాకాహారే. ఆయన ఆలోచనతో వెలసిన రిషివ్యాలీ బడిలో వడ్డించేదీ శాకాహారమే. ఆ నేల మీద ఈ ప్రశ్న సహజంగానే పుడుతుంది: మాంసకృత్తుల కోసం స్పిరులినా మాత్రలు మింగే శాకాహారి నియమం తప్పినట్టేనా? శాస్త్రరీత్యా అది మొక్క కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి. అయితే పెరుగు నిండా సూక్ష్మజీవులే. దద్దోజనం దేవుడికే నైవేద్యం. ఏకేంద్రియ జీవికీ ప్రాణముందని జైనులు అంటారు, ఆ జాగ్రత్త గౌరవించదగినది. కానీ ఇంద్రియాల సంఖ్యను బట్టి హింసలో తారతమ్యం చూపిందీ వాళ్లే. కాబట్టి అహింస వైపు నుంచి నాకు అభ్యంతరం లేదు.

నా సందేహమంతా అపరిగ్రహం వైపు నుంచి, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం గురించి: వంటింటి గింజలతోనే తీరే అవసరానికి మాత్రలు కొనడం ఎందుకు? ఎండు స్పిరులినాలో మాంసకృత్తులు 60 శాతం దాకా ఉంటాయి, నిజమే. రోజుకు 5 గ్రాములు మింగితే దక్కేది మాత్రం 3 గ్రాములే. 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22, చెనక్కాయ విత్తనాల్లో 25 గ్రాములున్నాయి. బి12 కోసమంటారా, స్పిరులినాలో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. నమలలేని వృద్ధులకైనా మాత్రే మేలు కదా అనవచ్చు. వాళ్లకు రాగిజావలో వేయించిన పెసరపిండి కలిపితే అంతకంటే ఎక్కువే అందుతుంది.