ఏ ఏటి రంగు?

తెనాలి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. మీ నాయనమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది. బాపట్లలో హాస్టల్ భోజనం ఎలా ఉందో కనుక్కోమంది. ఫోన్‌లో తేలే సంగతి కాదు కనక తాతయ్య కాగితం తీశాడు.

పోయినసారి మాట్లాడినప్పుడు రేపల్లె పెద్దావిడకు చేస్తున్న జలాంతర్గామి నమూనా గురించి చెబుతూ చివర్లో నువ్వొక మాట అన్నావు. ఆ మాటను తాతయ్య ఇప్పుడే ఎత్తడు. ముందు విమానం సంగతి.

అటక మీద గోనెపట్టాలో చుట్టిన చెక్క విమానం నీకు తెలుసు. చిన్నప్పుడు దాని రెక్క పట్టుకుని లాగి మీ నాన్న చేత దెబ్బలు తిన్నావు. అది మిగ్-21. 1/16 స్కేలు, మూడడుగుల పైచిలుకు పొడవు. ఇంట్లో దాన్ని ‘నాయనమ్మ గాజులు’ అంటారు. ఎందుకంటారో నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు.

1971 యుద్ధం ముగిసిన కొత్తలో ఊరూరా సైనికుల మీద అభిమానం పొంగిన రోజులవి. డిసెంబరు 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద దాడి చేసిన మిగ్-21ల గురించి కాఫీ హోటళ్లలో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆ ఊపులో ఒక కమిటీ వాళ్లు తమ హాల్లో పెట్టడానికి మిగ్-21 నమూనా కావాలని తాతయ్యను అడిగారు. తెనాలిలో చెక్క మీదా సిమెంటు మీదా చెయ్యి తిరిగిన పనివాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. ఈ మధ్య 2021లో ఇనుప తుక్కుతో ప్రధాని విగ్రహం చేసి దేశమంతా మాట్లాడుకునేలా చేసింది కూడా మన ఊరి శిల్పులే. ఆ రోజుల్లో తాతయ్యకు పాతికేళ్లు నిండలేదు. ఈ పని తన పేరు నిలబెడుతుందనుకున్నాడు.

అప్పుడే బాపట్ల వైపు నుంచి ఒక ఎయిర్‌మన్ సెలవు మీద ఇంటికొచ్చాడు. మిగ్‌ల మీద ఫిట్టరుగా పనిచేసినవాడు. తాతయ్య వెళ్లి అతని అరుగు మీద కూర్చున్నాడు. విమానాలు వచ్చినప్పుడు వెండిలా మెరిసేవి, లోహం లోహంగానే ఉండేవి అన్నాడు. యుద్ధం ముంచుకొచ్చాక ఆ మెరుపు శత్రువు కంట పడకుండా ఆదరాబాదరాగా పచ్చ, మట్టి రంగులు పులిమారట. ఒక స్క్వాడ్రన్‌లో ఉన్నట్టు ఇంకో స్క్వాడ్రన్‌లో ఉండేది కాదట. చేత్తో వేసిన చోట కుంచె గీతలు కనిపించేవి, మెకానిక్కులు రోజూ తెరిచి మూసే తలుపుల అంచుల్లో పెచ్చులూడి కింది వెండి బయటపడేదని వేలితో గాలిలో గీసి చూపించాడు.

తాతయ్య అలాగే చేశాడు. ఎనామిల్ రంగులో సుద్దపొడి కలిపి మెరుపు చంపాడు. ముందు ఒంటినిండా వెండి రంగు వేసి, ఆరాక పైన పచ్చా మట్టీ వేసి, తలుపుల అంచుల్లో గరుకు కాగితంతో సన్నగా రుద్దాడు. ఎయిర్‌మన్ చూస్తే పలకరించేవాడు ఆ విమానాన్ని. కమిటీ వాళ్లు మాత్రం చూసి మొహం చిట్లించారు. వాళ్ల చేతిలో ఒక వారపత్రిక ముఖచిత్రం ఉంది. అందులో మిగ్ తళతళలాడుతోంది. ‘నీకు రంగు వేయడం రాక మట్టి పూశావు’ అన్నారు. ‘చూసినవాడు చెప్పాడండీ’ అన్నాడు తాతయ్య. ‘ఆ చూసినవాడు ఏడీ?’ అన్నారు. సెలవు అయిపోయి అతను వెళ్లిపోయాడు. తాతయ్య దగ్గర ఒక ఫోటో లేదు, చీటీ లేదు, సంతకం లేదు. పని తీసుకోలేదు, పైసా ఇవ్వలేదు. టేకు కొన్న డిపోలో బాకీ నిలిచింది. మీ నాయనమ్మ రెండు గాజులు తీసిచ్చింది. అవి మళ్లీ చేయించడానికి ఏళ్లు పట్టింది.

ఆ కమిటీ వాళ్లను ఇప్పటికీ తిట్టాలనిపించదు. వాళ్ల చేతిలోది దొంగ ఫోటో కాదు, యుద్ధానికి ముందుది. రెండు రంగులూ నిజమే. ఏ ఏటివో ఎవరూ అడగలేదు, అంతే. సైనిక నమూనాలు చేసేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఏ రంగు అని కాదు, ఏ ఏటి రంగు అని. అది తేలాక, నీకా సంగతి ఎవరు చెప్పారు, ఏం చూపించారు అన్నది తేలాలి.

ఏడాది తిరక్కుండానే ఎంత మారిపోతుందో చూడు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కాకినాడలో కాపురమున్న తాతయ్య మేనత్త ఆ రోజు పెరట్లోంచి పైకి చూసిందట. రెక్కల కింద ఎర్రటి గుండ్రాలు తప్ప ఇంకేదీ గుర్తులేదనేది. ఆ ఎరుపే బ్రిటిష్ వాళ్లనూ ఇబ్బంది పెట్టింది. వాళ్ల విమానాల గుండ్రపు గుర్తులో కూడా నడుమ ఎరుపే. ఆకాశంలో క్షణంలో పోల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఎరుపు కనబడితే మనవాడే మనవాణ్ణి కాల్చేస్తాడు. అందుకని మనవైపు యుద్ధరంగంలో గుర్తులోంచి ఎరుపు తీసేశారు. ముదురు నీలం, లేత నీలం మిగిలాయి. బర్మా మీద 1944లో ఎగిరిన మన వైమానిక దళం హరికేన్‌కి ఎర్ర బొట్టు పెట్టి అమ్మేవాడు, జపాను తూటా తినని విమానాన్ని సొంతవాళ్ల తూటాకి అప్పజెబుతున్నట్టే. స్వాతంత్ర్యం వచ్చాక గుర్తు మళ్లీ మారింది. బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. బొట్టంత గుండ్రం, దాని వెనక ఇంత చరిత్ర.

పాత నలుపు తెలుపు ఫోటో చూసి రంగు ఊహించేటప్పుడు ఇంకో చిక్కుంది. వెనకటి రోజుల్లో ఆర్థోక్రోమాటిక్ అనే ఫిల్ము వాడేవారు. దానికి ఎరుపు కనబడదు. ఎరుపు దాదాపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం వెలిసిపోయినట్టుగా పడుతుంది. ఆ సంగతి తెలియనివాడు విమానం గుర్తు చుట్టూ ఉన్న పసుపు వలయాన్ని చూసి నలుపనుకుంటాడు. తర్వాత వచ్చిన కలర్ ప్రింట్లు నయమా అంటే అదీ లేదు. 1970ల నాటి మన పెళ్లి ఫోటోలు చూడు, అన్నీ ఎర్రబారిపోయాయి. అందులో నీలాన్నీ పచ్చనీ నిలబెట్టే రంగు ముందు చచ్చిపోతుంది. అలాంటి ఫోటోలో ఉన్న ఓడ బూడిద రంగును కంటితో తూచి డబ్బా కొంటే తప్పుతుంది. పక్కన తెల్లగా ఉండాల్సింది ఏదన్నా ఉందా, చొక్కా కాలరో, టోపీయో, అది ఇప్పుడు ఏ రంగుకి తిరిగిందో చూసి లెక్క కట్టాలి.

వస్తువే దొరికినా నమ్మడానికి లేదు. జీరో అనే జపాను యుద్ధ విమానం రంగు మీద ప్రపంచమంతా నమూనాలు చేసేవాళ్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. బూడిద అన్నవాళ్లున్నారు, బెల్లపు పాకం రంగన్నవాళ్లున్నారు. కూలిన విమానాల రేకు ముక్కలు చేత్తో పట్టుకుని కూడా వాదన తెగలేదు, ఎందుకంటే పాతబడ్డ పెయింటు పసుపుబారుతుంది. ఆ పసుపు 1941 నాటిదా, ఆ తర్వాత ఎండకూ వానకూ తిరిగినదా?

ఇప్పుడు ఈ కాలం సంగతి. తాతయ్యకు కోపం వచ్చేది ఇక్కడే. 2024 మార్చి 18న అద్దంకి దగ్గర హైవే మీద కట్టిన అత్యవసర రన్‌వే మీదికి సుఖోయ్‌లు దూసుకొచ్చి వెళ్లిపోయాయి, ఏఎన్-32, డోర్నియర్ దిగి మళ్లీ లేచాయి. నువ్వూ నీ స్నేహితులూ తీసిన ఫోటోలు చూపించావు, గుర్తుందా? ఒక విమానం, ఒక పొద్దు. ఒకరి ఫోన్‌లో సుఖోయ్ నీలంగా ఉంది, ఇంకొకరి ఫోన్‌లో సిమెంటు రంగులో ఉంది, మూడోవాడి దాంట్లో ఆకాశమే ఊదారంగు. కళ్లెదురుగా ఎగిరినదానికే ఈ గతి పట్టింది. అలాంటిది యాభై ఏళ్ల కిందటి నలుపు తెలుపు ఫోటోకి కంప్యూటర్ రెండు క్షణాల్లో రంగులు పూసి ఇస్తే, దాన్ని ఆధారమని గోడకు అంటించుకుంటున్నారు! ఆ యంత్రానికి ఫలానా ఓడా తెలియదు, ఫలానా ఏడూ తెలియదు. దానికి తెలిసింది అందంగా ఉండటం. చూసినవాళ్లు మాత్రం పక్క వీధిలోనే ఉంటారు. వాళ్లను అడిగేవాడు ఉండడు. వాళ్లు పోయాక ట్రంకుపెట్టె పాత పేపర్లవాడి తక్కెట్లోకి వెళుతుంది.

అన్నీ పెద్దవాళ్ల జ్ఞాపకాలే అని కాదు. రంగుకి నెంబరు పెట్టుకునే పద్ధతి ఎప్పుడో వచ్చింది. బ్రిటిష్ స్టాండర్డ్ 381సి ఉంది. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 595లో ప్రతి రంగుకీ అయిదంకెలు ఇచ్చారు. మొదటి అంకె మెరుపు చెబుతుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే కొంచెం, 3 అయితే మెరుపే లేదు. రెండో అంకె జాతి చెబుతుంది: 4 ఆకుపచ్చ, 5 నీలం, 6 బూడిద. 36తో మొదలైతే మెరుపు లేని బూడిద అని డబ్బా తెరవకుండానే తెలుస్తుంది. ఇది నేర్చుకో. ‘నేవీ గ్రే’ అని షాపులో అడగడం మానెయ్.

నెంబరు తెలిసినా ఉన్నదున్నట్టు పూస్తే కుదరదు. నువ్వు చేస్తున్నది 1/144. రెండడుగుల దూరం నుంచి చూస్తే అసలు నౌకను 288 అడుగుల అవతలి నుంచి చూసినట్టు. మధ్యలో గాలీ వెలుతురూ రంగును పలచన చేస్తాయి. అందుకని చుక్కో రెండు చుక్కలో తెలుపు కలపాలి. ఎన్ని కలిపావో రాసుకోవాలి.

ఇక కుర్సుర. రేపల్లె పెద్దావిడ అడిగింది తన భర్త పనిచేసిన ఆ జలాంతర్గామినే. నువ్వు విశాఖ వెళ్లి రామకృష్ణా బీచ్‌లో ఫోటోలు తీసుకొచ్చి, ఆ రంగే పూశావు. ఆ నౌక సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పనిచేసింది. 1980లో విడిభాగాల కోసం పక్కన పెట్టేశారు. బాగుచేసి 1985లో మళ్లీ సేవలోకి తెచ్చారు. 2001 ఫిబ్రవరి 27న విరమణ, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. 91 మీటర్ల ఇనుము సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా ఉండాలంటే మళ్లీ మళ్లీ రంగు వేయాల్సిందే. నువ్వు చూసింది మ్యూజియం వాళ్లు సందర్శకుల కోసం వేసిన రంగు. ఆయన ఏ ఏళ్లలో అందులో ఉన్నాడు? 80కి ముందా, 85 తర్వాతా? నువ్వు అడిగావా?

అడగలేదు. ‘ఎవరికి తెలుస్తుందిలే తాతయ్యా, ఆయన చూసిన రంగు అచ్చం ఇదేనని ఆవిడకు చెప్పేశా’ అన్నావు. ఆ మాట విన్నప్పటినుంచి తాతయ్యకు అన్నం సయించడం లేదు. ఆవిడ ఆ నమూనాను ఆయన ఫోటో పక్కన పెట్టుకుంటుంది. మనవళ్లకు చూపించి ‘మీ తాత దీంట్లో నీళ్ల కిందికి వెళ్లేవాడు’ అంటుంది. నువ్వు తెలియదని చెప్పి ఉంటే ఆవిడ ఏమీ అనుకునేది కాదు. తెలుసన్నావు. ఆవిడ నమ్మింది. నీ చెయ్యి మంచిది కనకే నమ్మింది.

కాబట్టి విను. వచ్చే ఆదివారం పొద్దున బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగు. ఇంటికి రాకు, నేరుగా రేపల్లె బండి పట్టుకో. నమూనా తీసుకెళ్లకు. గుమ్మంలో కూర్చుని ముందు ఒకటే చెప్పు: ‘అమ్మా, ఆ రోజు తెలుసన్నాను, నాకు తెలియదు.’ తర్వాత అడుగు. ఆయన ఏ సంవత్సరం చేరాడు, ఏ సంవత్సరం ఆ నౌక వదిలాడు. సర్వీసు పుస్తకం ఉంటే అందులో ఉంటుంది. ఫోటోలు ఉంటే ముందు వెనక్కి తిప్పు, స్టూడియో ముద్ర, తేదీ, ఆయన చేత్తో రాసిన ముక్క ఏదన్నా ఉంటుంది. ఫోటోను ఇంటికి తెచ్చుకోకు. అక్కడే, వాకిట్లో నీడపట్టున, పక్కన తెల్ల కాగితం పెట్టి తీసుకో. ట్యూబ్‌లైట్ కింద తీయకు. నౌక పై కట్టడం మీద ఎస్20 అన్న అంకె ఆయన ఫోటోల్లో ఉందా లేదా చూడు. లేకపోతే నీ నమూనా మీద చెరిపెయ్.

ఒక నోటు పుస్తకం పెట్టు. మూడు గళ్లు గీయి: చూసింది, విన్నది, ఊహించింది. విన్నదాని పక్కన చెప్పినవాళ్ల పేరు, తేదీ, వీలైతే సంతకం. విశాఖ మ్యూజియంలో గైడ్లు రిటైరైన నేవీ వాళ్లే. మళ్లీ వెళ్లినప్పుడు వాళ్లను రంగు గురించి అడుగు, ఏ ఏడు ఏ రంగు వేసేవారో, అడుగుభాగానికి ఏం వేసేవారో. తొందరపడకు, టీ తాగించు. అయితే ఒకటి: సూర్యలంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ చుట్టుపక్కల ఫోన్ తీసి ఫోటోలు కొట్టకు, సర్వీసులో ఉన్నవాళ్లను సాధనాల గురించి గుచ్చిగుచ్చి అడగకు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా ఉంది. రిటైరైన నౌకలు, రిటైరైన మనుషులు, అచ్చయిన పుస్తకాలు, నీకు అవి చాలు.

రంగు తేలాక ప్లాస్టిక్ ముక్క మీద పూసి, ఆరాక, ఆవిడకు పగటి వెలుతుర్లో చూపించు. సరేనన్నాకే నౌకకు పూయి. పీఠం కింద చిన్న అట్ట అంటించు: ఏ సంవత్సరం నాటి రూపం, పైరంగుకి ఆధారం ఏమిటి, ఏ భాగం ఊహ. తీసుకున్న అడ్వాన్సులో సగం వెంట తీసుకెళ్లి, పని వద్దంటే అక్కడే ఇచ్చెయ్. మిగతా సగానికి తాతయ్య పెన్షన్ ఉంది. కావాలంటే మళ్లీ చేస్తానని చెప్పు, కూలీ అడగకు. గడువు మీద గడువు పెట్టకు, రెండు నెలలు అడిగి తీసుకో. పాత రంగు గీకేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో.

ఇట్లు,
తాతయ్య