గురువు చెంత నివాసము

పఠనభాగము: మార్కు 3:13-19, యోహాను 13:1-17

ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయములో సత్యకాముడను బాలుని వృత్తాంతము కలదు. అతడు విద్య నభ్యసింప గోరి హారిద్రుమత గౌతముని యొద్దకు వెళ్లెను. గురువు గోత్ర మడుగగా, అది తన తల్లియైన జబాలకును తెలియదని దాచక చెప్పెను. సత్యమును విడువనందున గురువు అతని నంగీకరించి, బక్కచిక్కిన 400 ఆవుల నప్పగించెను. అవి 1000 అగువరకు తిరిగి రానని పలికి, ఆ బాలుడు ఏండ్ల తరబడి దూరమున వాటిని కాచెను. ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి అతనికి బ్రహ్మమును గూర్చి బోధించినను, తిరిగి వచ్చి గురువు నోటనే నేర్చుకొన గోరెను.

సంస్కృతములో శిష్యునికి 'అంతేవాసి' యను పేరు కలదు. గురువు సమీపమున వసించువాడని దాని యర్థము. యేసు పన్నిద్దరిని నియమించిన సందర్భమున మార్కు సువార్తయు, వారు ప్రకటించుటకు పంపబడుటకంటె ముందు ఆయనతో కూడ ఉండుటనే పేర్కొనుచున్నది. బాప్తిస్మము పొందిన దినముననే నేర్చుకొనుట ముగిసినదని తలంచు క్రైస్తవుడు, ఆవులు కాచిన ఆ బాలుని ఓర్పును చూచి సిగ్గుపడవలదా?

అయితే ఈ రెండు మార్గములు ఒక్కటేయని చెప్పుట ఉభయులకును న్యాయము కాదు. ఉపనిషత్తులలో శిష్యుడు సమిధలు చేతబట్టి గురువును వెదకికొని పోవును; సువార్తలో గురువే దారిని పోవుచు, సుంకపు మెట్టునొద్ద కూర్చున్న లేవిని చూచి పిలిచెను. అక్కడ శిష్యుడు గురుపాదములను సేవించును. ఇక్కడ గురువు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. వాటిలో యూదా పాదములును ఉండెను. అట్టి సత్యవాక్కు బ్రాహ్మణునికే చెల్లునని గౌతముడు తలంచెను. క్రీస్తు పిలుపునకు కులమను హద్దు లేదు.

కాని ఆ మాట పలుకుటకు సంఘమునకు ధైర్యము కలదా? ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొంది, వివాహ సంబంధమునకు కులము విచారించు విశ్వాసి పొరుగువానికి ఏమి సాక్ష్యమియ్యగలడు? గోత్రము తెలియదని వెరవక చెప్పిన బాలుని సత్యము అట్టివానిని గద్దించుచున్నది. పరమత గ్రంథమునుండి పాఠము నేర్చుకొనుటవలన క్రీస్తు మహిమ తగ్గదు. శిష్యుని గర్వమే తగ్గును. పాదములు కడిగించుకొనినవాడు తువాలు చేతబట్టి లేచునుగాక!