గేట్‌వే ముందు వినడం నేర్వాలి

తల్లీ,

మీ ప్లాంటు ఎడ్జ్ గేట్‌వేకి నెట్‌వర్క్ మానిటరింగ్ జోడించే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనే తల నెరిసినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ఆఫీసు నెట్‌వర్క్ అలవాట్లు షాప్‌ఫ్లోరుకి తేకు. ఆఫీసులో ఏ మెషిన్లున్నాయో తెలియకపోతే ఒక స్కాన్ నడిపేస్తారు. పాత పీఎల్‌సీలు ఆ తాకిడికి తట్టుకోలేవు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-82 గైడులో చెప్పిన సంగతి ఇది: నడుస్తున్న స్కాడా నెట్‌వర్క్ మీద పింగ్ స్వీప్ చేస్తుంటే, స్టాండ్‌బైలో ఉన్న 9 అడుగుల రోబో చెయ్యి కదిలి 180 డిగ్రీలు తిరిగింది. గదిలో ఉన్న మనిషి దానికి అందనంత దూరంలో ఉండబట్టి బతికిపోయాడు. చిప్‌లు తయారుచేసే ఇంకో ఫ్యాక్టరీలో అలాంటి స్వీప్‌కే కంట్రోల్ సిస్టమ్ ఆగిపోయి 50,000 డాలర్ల వేఫర్లు పాడయ్యాయి.

కాబట్టి నీ గేట్‌వే ఎవరినీ ఏమీ అడగకూడదు, వినాలి. స్విచ్‌లో మిర్రర్ పోర్టు పెట్టించి, ట్రాఫిక్ కాపీని గేట్‌వేలో విడిగా ఒక ఈథర్నెట్ పోర్టుకి తెచ్చుకో. ఆ పోర్టుకి ఐపీ అడ్రస్ ఇవ్వకు. జీక్, సురికాటా లాంటి టూల్స్ మోడ్‌బస్‌ని చదివి చెబుతాయి. మోడ్‌బస్ 1979 నాటిది, అడిగేది ఎవరన్న విచారణ దానికి లేదు. 502 పోర్టుకి చేరి రాయమంటే రాసేస్తుంది. అందుకే ఫంక్షన్ కోడ్ 5, 6, 15, 16 ఎవరు పంపుతున్నారో కనిపెట్టు. ఎప్పుడూ రాయని అడ్రస్ నుంచి ఒక్క రైట్ కమాండ్ వచ్చినా సరే, అర్ధరాత్రయినా ఫోన్ మోగాలి. నా లెక్కలో మిగతా అలర్టులన్నీ దీని తర్వాతే.

ఇక గేట్‌వే సంగతి. దాని అసలు ఉద్యోగం ప్రొడక్షన్ డేటా మోయడం. ప్యాకెట్లన్నీ దాచబోతే ఫ్లాష్ నిండిపోయి ఆ డేటాయే ఆగుతుంది. మానిటరింగ్‌ని కంటైనర్‌లో పెట్టి సీపీయూకి, మెమరీకి హద్దు గియ్యి. లాగ్‌లు వెంటనే వేరే సర్వర్‌కి పంపెయ్యి.

భద్రత కోసం పెట్టినదే దొంగకి దారి కావడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కావలివాడి చేతికి ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టు, మానిటరింగ్ అకౌంటుకి అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తారు. నువ్వు ఇవ్వకు. ఎస్ఎన్‌ఎంపీ పాత వెర్షన్లలో పాస్‌వర్డ్‌లా వాడే మాట తీగలో పచ్చిగా పోతుంది. వెర్షన్ 3 వాడు, ఎన్‌క్రిప్షన్ పెట్టే వాడు. ఎంక్యూటీటీని 1883 పోర్టులో వదిలేయకుండా టీఎల్‌ఎస్‌తో 8883కి మార్చు. కనెక్షన్ ఎప్పుడూ లోపలి నుంచి బయటికే వెళ్లాలి, బయటి నుంచి వచ్చే పోర్టు ఒక్కటీ తెరవకు. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చు. 2023 నవంబరులో పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా నీటి సరఫరా స్టేషన్లో పీఎల్‌సీని హ్యాకర్లు పట్టుకున్నారు. ఆ తరహా పీఎల్‌సీలకి అప్పట్లో కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ 1111.

గడియారం చిన్న విషయం అనుకోకు. గేట్‌వే, స్విచ్, సర్వర్ టైములు కలవకపోతే లాగ్‌లు దేనికీ పనికిరావు. మన దేశపు సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఎన్‌టీపీతో టైము కలపడం, లాగ్‌లు 180 రోజులు ఉంచడం, ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయడం ఉన్నాయి.

ఏది మామూలో నీ సాఫ్ట్‌వేర్‌కి తెలియదమ్మా, ఆపరేటర్లకి తెలుసు. బ్యాచ్ మారేటప్పుడు, వెండర్ ల్యాప్‌టాప్‌తో వచ్చినప్పుడు ట్రాఫిక్ ఎలా ఉంటుందో వాళ్ల పక్కన కూర్చుని చూడు. పెద్దవాళ్లని "అన్నా" అని పిలిచి అడిగితే గంటలకొద్దీ చెబుతారు. ఆ తర్వాతే అలర్టులు రాయి.

స్విచ్ సెట్టింగు మాత్రం నడుస్తున్న ప్లాంటులో ముట్టుకోకు. రేపే వెళ్లి మెయింటెనెన్స్ మేనేజరుగారిని కలిసి, వచ్చే షట్‌డౌన్‌లో మిర్రర్ పోర్టుకి ఒక గంట అడుగు.