రంగు వేసిన రంపం

పాత పనిముట్టును బాగుచేసి కొత్తదానిలా నిలబెట్టటం మంచిపనా, కాదా అని అడిగితే ఎవరైనా మంచిపనే అంటారు. ఇందులో నీతికి సంబంధించిన ప్రశ్న ఏముందని కూడా అంటారు. ప్రశ్న ఉన్నది, అది చిన్నది కూడా కాదు. చాలాకాలం మనుషుల చేతుల్లో నలిగిన వస్తువును మనం బాగుచేసినప్పుడు, ఆ కాలంలో ఎవరి బతుకు గుర్తుండాలి, ఎవరి బతుకును గీకి పారెయ్యాలి అన్న తీర్పు కూడా చేస్తాం. బాగుచేసేవాడికి తాను తీర్పు చెబుతున్నానన్న స్పృహ తరచుగా ఉండదు. అందుకే దీన్ని చర్చించవలసి ఉన్నది.

గొలుసు రంపాన్ని తీసుకుందాం. హసన్‌పర్తి నుంచి ఎల్కతుర్తి వైపు పోయే దారిలో చెట్లు కోసేవాళ్లు దీన్ని ఉత్త "మిషన్" అంటారు. వాళ్లకు అది కూలి తెచ్చే వస్తువు. అమెరికాలో, కెనడాలో, స్వీడన్‌లో 1950ల నాటి, 1960ల నాటి గొలుసు రంపాలను వెతికి కొని, బాగుచేసి, మళ్లీ రంగు వేసి అలమరలో పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పని తేలికైనది కాదు. ముందు ఇంజనును మరకు మర విప్పాలి. ఏళ్ల తరబడి రంపపు పొట్టూ నూనే కలిసి గట్టిపడిన మడ్డిని కడగాలి. కార్బురేటరులో ఎండి బిగుసుకుపోయిన పొరలను మార్చాలి. మాగ్నెటో నిప్పురవ్వ ఇస్తున్నదో లేదో చూడాలి. పిస్టనుకు గీతలు పడి ఉంటే దానికి తగిన మరొకదాన్ని ఎక్కడో సంపాదించాలి. ఇదంతా అయాక పాత రంగు గీకి, లోహం తేలేదాకా ఇసుక చిమ్మి, అస్తరు పూసి, ఆ కంపెనీ ఆనాడు వాడిన ఛాయనే కలిపించి వేస్తారు. మెకల్లక్ అయితే పసుపు. ఆ పసుపులో వీసమెత్తు తేడా వచ్చినా పెద్దమనుషులు ఒప్పుకోరు. చివరన కంపెనీ పేరున్న కాగితాన్ని కొత్తగా అచ్చు వేయించి అంటిస్తారు.

పైకి ఒకే పనిగా కనిపించే ఈ వరసలో రెండు పనులు కలిసి ఉన్నాయి. ఒకటి యంత్రాన్ని నడిచేట్టు చెయ్యటం, రెండోది దాన్ని కొత్తదానిలా కనిపించేట్టు చెయ్యటం. మొదటిదానితో మనకు తగాదా లేదు. పనిలో లేని యంత్రం వట్టి శవమనీ, తుప్పూ పురుగూ దాన్ని తినేస్తాయనీ, బతికున్న మనిషి శ్రమ తాకినప్పుడే అది మళ్లీ యంత్రమవుతుందనీ మార్క్స్ 1867లో వెలువరించిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో వివరించాడు. ఆ లెక్కన కార్బురేటరు విప్పి కూర్చున్న మనిషి గౌరవించదగిన పని చేస్తున్నాడు. పోతపని చేసినవాడి శ్రమ, మరపట్టినవాడి శ్రమ తుక్కులో కలిసిపోకుండా కాపాడుతున్నాడు.

ఇక్కడ తర్కం చదివిన మిత్రులు వేరొక చిక్కు తెస్తారు. భాగాలన్నీ మార్చాక అది పాత రంపమేనా? గ్రీకులు ఒక పడవను గురించి ఈ ప్రశ్న అడిగారు. బౌద్ధులు మిళింద ప్రశ్నలలో రథాన్ని గురించి అడిగారు. మన పల్లెల్లో గొడ్డలికి కామ ఎన్నిసార్లు మార్చినా అది తాత గొడ్డలి కాదని ఎవరూ అనరు, ఎందుకంటే ఆ ఇంట్లో ఆ పని ఆగలేదు. భౌతికవాదికి ఈ సమాధానం చాలు. మనం ముందుకు పోవచ్చు.

అసలు చిక్కు రంగు దగ్గర వస్తుంది. "యథాతథంగా పునరుద్ధరించాం" అన్నప్పుడు, ఏ రోజున ఉన్న స్థితికి పునరుద్ధరించారు? రంపం ముప్ఫై ఏళ్లు అడవిలో పనిచేసింది. పిడి మీద ఒక చెయ్యి పట్టీపట్టీ రంగు పోయి లోహం నున్నబడింది. పక్కన ఎవరో మేకుతో గీతలు గీశారు. అవి కోసిన మానుల లెక్కో, రావలసిన కూలి లెక్కో. విరిగిన మూతకు ఇనుప తీగ కట్టి పని గడుపుకున్నారు. పునరుద్ధరణ ఇవన్నీ తుడిచి రంపాన్ని ఒకానొక దినానికి తీసుకుపోతుంది. ఆ దినం ఫ్యాక్టరీ గేటు దాటిన దినం. అంటే ఏ కార్మికుడూ ఇంకా దాన్ని పట్టని దినం, అది ఉత్త సరుకుగా మాత్రమే ఉన్న దినం. ఒక పనిముట్టు జీవితమంతటిలో అది ఎవరికీ ఏ పనికీ రాని రోజు అదొక్కటే, దాన్నే దాని నిజరూపమని నిర్ణయించుకున్నారు! సరుకు మీద భక్తి ఎంత లోతుకు దిగిందో చూడండి. అమ్మకం లేదు, లాభం లేదు, మనిషి తీరిక వేళ తన ఇష్టం కొద్దీ చేస్తున్న పనే. అయినా అతని కన్ను దుకాణదారు కన్నుగానే మిగిలింది.

కంపెనీ పేరు కాగితానికి పట్టే గౌరవం కూడా ఆలోచించదగినదే. ఈ రంపం చరిత్రలో రెండు పేర్లు చూడండి. అమెరికాలో జోసెఫ్ బఫర్డ్ కాక్స్ అనే మాను కోతగాడు, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో, మొద్దులో కర్రను తొలుచుకుంటూ పోయే పురుగును చూశాడు. అది నిలువునా అడ్డంగా ఎటైనా తేలికగా తొలుస్తున్నది. దాని దవడల తీరును పట్టుకుని గొలుసుకు కొత్త రకం పన్ను తయారుచేసి 1947లో అమ్మకానికి పెట్టాడు. ఈనాటికీ గొలుసు రంపపు పన్ను మూలం అదే. కోతపని చేసిన కన్ను కాకపోతే ఆ పురుగును అంతసేపు ఎవరు చూస్తారు? ఇక రెండో పేరు జర్మనీలో 1926లో సంస్థను స్థాపించిన ఆండ్రియాస్ ష్టీల్. ఈ యంత్రాన్ని తీర్చిదిద్దటంలో అతని పాత్ర కాదనలేనిది. అతడు నాజీ పార్టీ సభ్యుడు, ఎస్.ఎస్.లో కూడా చేరినవాడు. ఒకే యంత్రంలో ఈ రెండు చరిత్రలూ ఉన్నాయి. మెరిసే రంగుకు రెండూ తెలియవు.

ఈ వాదన కొత్తది కాదు. ఇంగ్లండులో విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. జనం దానికి "గీకవద్దు సంఘం" అన్న అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు. పాత చర్చిలను బాగుచేసే పేరుతో నడుమ శతాబ్దాలలో పనివాళ్లు చేర్చినదంతా గీకి, ఊహలోని ఏదో ఒక "అసలు" రూపానికి తెస్తున్నారని ఆయన బాధ. ఆరేళ్ల తరవాత, 1883లో, ఆయన సోషలిస్టు ఉద్యమంలో చేరాడు. ఈ రెండూ సంబంధం లేని సంగతులని సాహిత్య చరిత్రకారులు కొందరు అనుకుంటారు. సంబంధం ఉన్నది. రాతి మీది ఉలి గుర్తులో పనివాడి బతుకును చూడగలిగినవాడే కూలి చెల్లించే పద్ధతిలో అన్యాయాన్ని కూడా చూడగలిగాడు. 1964లో వెనిస్‌లో కట్టడాల పరిరక్షకులు ఒప్పుకున్న నియమావళిలో ఒక సబబైన సూత్రం ఉన్నది: పోయిన భాగం స్థానంలో కొత్తది పెడితే అది మొత్తంతో పొసగాలి, కాని కొత్తదని తెలిసిపోవాలి కూడా. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచారు. అక్కడికి విద్యార్థులను తీసుకుపోయే ఉపాధ్యాయులు ఏ రాయి పాతది, ఏ రాయి కొత్తది అని వాళ్లచేత వెతికించటం మంచి పాఠం. రాజులు కట్టించిన రాతికి చూపే ఈ నిజాయితీ కూలివాడు పట్టిన పనిముట్టుకు ఎందుకు అక్కరలేదు?

దీనికి బలమైన సమాధానం ఒకటి ఉన్నది. దాన్ని వినకుండా తీసిపారెయ్యటం న్యాయం కాదు. రంగు అంటే అంత అసహ్యం దేనికి? కార్మికుడే తన పనిముట్టును కడుగుతాడు, తుడుస్తాడు, దసరానాడు పసుపూ కుంకుమా పెడతాడు, తుప్పు పట్టకుండా చేతికి దొరికిన రంగు పూస్తాడు. పైగా ఈ అభిరుచి గలవారిలో మెకానిక్కులూ, అడవిలో పనిచేసి విరమించినవాళ్లూ ఉంటారు. ఫ్యాక్టరీలో మనిషి ఒక మరనే పదివేలసార్లు బిగించి ఇంటికి పోతాడు. ఇక్కడ ఒక వస్తువును మొదటినుంచి చివరిదాకా తన చేత్తో పూర్తి చేస్తాడు. పని అతనికి మళ్లీ ఆనందమయింది. ఇది మనం కోరే సమాజంలో అందరికీ దక్కవలసిన ఆనందమే. ఈ మాట నిజమే, నేను ఒప్పుకుంటాను. తుప్పును ఆపే రంగు పనిలో భాగం. కాని పిడి మీది అరుగుదలను పూడ్చి, తీగకట్టు విప్పి, గీతలను ఇసుకతో చెరిపేసే రంగు ఒకడి ఆనందానికి మరొకడి బతుకును చెరుపుతుంది. ఈ తేడా చెయ్యిపెట్టి పనిచేసేవాడికి చెప్పకుండానే తెలుస్తుంది. హసన్‌పర్తి రోడ్డు మీద మోటార్లూ కోతమిషన్లూ బాగుచేసే ఒక మెకానిక్కును, పాత మిషన్లకు రంగు వేస్తావా అని అడిగాను. "రంగు కొనెటోని కోసం సార్. కోసెటోనికి కావల్సింది నూనె, పదును" అన్నాడు, ఆకురాయి కింద పెట్టకుండానే.

కొనేవాడి కోసం వేసే రంగులో మోసం కూడా ఉండవచ్చు. అంగడిలో ముసలి ఎద్దు కొమ్ములు చెక్కి రంగు వేసి నిలబెడతారు. కొనే రైతు కొమ్ముల వంక చూడడు, నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. పాత రంపానికి కూడా పళ్లే చూడాలి, పళ్లతోపాటు బ్రేకు చూడాలి. బద్ద కొస పైభాగం కర్రకు తగిలితే రంపం ఒక్క ఉదుటున వెనక్కు ఎగిరి ముఖం మీదికో మెడ మీదికో వస్తుంది. ఆ క్షణంలో గొలుసును ఆపే బ్రేకు 1970ల మొదట్లోగాని వాడుకలోకి రాలేదు. అంతకుముందువాటికి అది లేదు. తరవాతివాటిలో విరిగిపోయిన బ్రేకును తీసేసి, మిగతాదానికి రంగు వేసి అమ్మితే, కొన్నవాడి మెడ దానికి జామీను. మన వైపు చెట్టుకోసేవాడికి టోపీ ఉండదు, కళ్లద్దాలు ఉండవు, కాలికి చెప్పులుంటే గొప్ప.

యథాతథమన్న మాటలో ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. పాత గొలుసు రంపాలలో ఇంజను అదురంతా నేరుగా పిడిలోకి వచ్చేది. రోజంతా, ఏళ్ల తరబడి దాన్ని పట్టినవాడి వేళ్లలో రక్తనాళాలూ నరాలూ చెడేవి. చలి తగిలితే వేళ్లు పాలిపోయి తెల్లబడతాయి, స్పర్శ పోతుంది, చొక్కా గుండీ పెట్టుకోవటం కూడా కష్టమవుతుంది. 1960లలో జపాన్ ప్రభుత్వ అడవులలో ఈ వ్యాధి పెద్ద సమస్య అయింది. అక్కడి అడవి కార్మికుల యూనియన్ దాని మీద పోరాడింది. బ్రిటన్ దాన్ని పరిహారానికి అర్హమైన వృత్తివ్యాధిగా 1985లో గుర్తించింది. పిడికీ ఇంజనుకూ నడుమ రబ్బరు దిమ్మలు పెట్టిన రంపాలు 1960ల నడిమి నుంచి వచ్చాయి. ఆ రబ్బరు దిమ్మను కంపెనీ దయాధర్మమనుకోకూడదు. దాని వెనుక మొద్దుబారిన వేళ్లు ఉన్నాయి, వాటిని పరీక్షించిన వైద్యులున్నారు, డాక్టరు చీటీలు పట్టుకుని వాదించిన యూనియన్లున్నాయి. కనుక ఆ దిమ్మలు లేని పాత రంపాన్ని అలమరలో పెట్టి "ఎంత అందమైన నిర్మాణం!" అని మురిసిపోయేవాడు సగం నిజమే చెబుతున్నాడు. అందమైనదే. అది చేతులను తిన్నది కూడా. రంగు గీకటంలో ఉన్న విషం సంగతి వేరు: పాత రంగుల్లో తరచు సీసం ఉండేది, ఆ రంపాల పోత చాలావరకు మెగ్నీషియం, దాని పొడి అంటుకుంటే ఆర్పటం కష్టం. ఈ పనికి కూలివాణ్ని పెట్టుకునేవాళ్లు ఇది ముందు తెలుసుకోవాలి.

మనవైపు పునరుద్ధరణ ఎవరికి దక్కుతుందో కూడా చూడాలి. 1934లో నిజాం కాలంలో వరంగల్లులో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతబడింది. వేలమందికి కూడుపెట్టిన ఆ మగ్గాలు ఈనాడు అక్కడ లేవు. ఒక్క మగ్గానికైనా నూనె వేసి, దాని ముందు నిలబడ్డ నేతకార్మికుడి చెయ్యి ఎక్కడ ఆనేదో చూపించగలిగే స్థితిలో నగరం లేదు. తుక్కుగా పోయిన యంత్రానికీ, అద్దంలా మెరిసే యంత్రానికీ తేడా అంతా యజమానికి తీరిక ఉన్నదా లేదా అన్నదే. రెంటిలోనూ పనిచేసినవాడు మాత్రం కనిపించడు.

ఈ మధ్య కళాశాలలలో పాత యంత్రాలకు రంగులు వేసి ఆవరణలో దిమ్మెల మీద నిలబెట్టటం ఆచారమవుతున్నది. పెట్టండి. తుప్పు ఆగేంత వరకే రంగు వెయ్యండి, పిడిని మాత్రం ముట్టుకోకండి. మార్చిన భాగం మార్చినట్టు తెలియనివ్వండి. పక్కన పెట్టే పలక మీద కంపెనీ పేరు, తయారైన సంవత్సరం, ఇంజను బలం రాస్తారు గదా, వాటి కింద నాలుగు వరసలు ఖాళీ ఉంచండి. తరవాత విద్యార్థులను చుట్టుపక్కల ఊళ్లకు, కోతమిల్లులకు, కర్ర అడితీలకు పంపండి. ఇద్దరు మనుషులు లాగే రంపం నుంచి మిషనుకు మారినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. మిషను వచ్చాక రెండోవాడు ఏమయ్యాడు, కూలి రోజుకా, మానుకా, దెబ్బ తగిలితే దవాఖానా ఖర్చు ఎవరు పెట్టారు, చలికాలం పొద్దున వేళ్లు ఎట్లా ఉంటాయి అని అడిగి రాసుకు రమ్మనండి. ఆ నాలుగు వరసలు దానికి చాలవు, పలక పెద్దది చేయించవలసి వస్తుంది.